ఇతిహాస కావ్యాలు – ఆధునిక రాజకీయాలు: ముక్త్యాల ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన

6.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:

• రామాయణ భారతాలు రాజకీయాల్లో ఏయే పనులకు ఉపయోగపడ్డాయో వివరించగలుగుతారు.
• జగ్గయ్యపేట శాసనం, రామదండు, నాగార్జునసాగర్ ఉద్యమం – ఈ మూడింటిలో ఇతిహాస ప్రస్తావన ఎలా పనిచేసిందో పోల్చి చెప్పగలుగుతారు.
• ఇతిహాసాలను విమర్శించిన తెలుగు రచయితల వాదాల రాజకీయ ప్రాధాన్యాన్ని గుర్తించగలుగుతారు.
• ఒక నాయకుడు ఇతిహాస పాత్ర పేరు వాడినప్పుడు ఆ వాడుకను చరిత్ర విద్యార్థిగా పరిశీలించగలుగుతారు.

6.1 పరిచయం

ముక్త్యాల కృష్ణానది ఎడమ గట్టున, జగ్గయ్యపేటకు సమీపంలో ఉన్న గ్రామం. ఒకప్పుడు వాసిరెడ్డి వారి జమీందారీలలో ఒకదానికి కేంద్రం. నది దాటితే పల్నాడు. ఉత్తరంగా కొంత దూరం వెళితే పూర్వపు నిజాం రాజ్య సరిహద్దు, అంటే నేటి తెలంగాణ. చాలాకాలం కృష్ణా జిల్లాలో భాగంగా ఉన్న జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలు 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరాయి. డెల్టా వాసులు ఈ ప్రాంతాన్ని మెట్ట అంటారు. నది ఊరి పక్కనే పారుతున్నా, ఆ నీరు పొలానికి ఎక్కడానికి ఇక్కడి రైతులు తరాల తరబడి ఎదురుచూశారు.

ఇతిహాసాలకూ రాజకీయాలకూ గల సంబంధాన్ని పరిశీలించడానికి ఈ ప్రాంతాన్నే ఎన్నుకోవడానికి కారణం ఉంది. ముక్త్యాల నుంచి బయలుదేరి ఒక్క రోజులో చూసి రాగల దూరంలోనే మూడు ముఖ్యమైన ఆధారాలు దొరుకుతాయి. రాముడి వంశనామాన్ని ధరించిన రాజు పేరు చెక్కిన శాసనం జగ్గయ్యపేటలో దొరికింది. 'రామదండు'ను నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పెనుగంచిప్రోలులో పుట్టాడు. నీళ్లు తెచ్చినవాణ్ణి 'అపర భగీరథుడు' అని కొలిచే వాడుకకు బలమైన ఉదాహరణ ముక్త్యాలలోనే ఉంది.

రామాయణ భారతాలకు నేటి రాజకీయాలతో సంబంధం ఏమిటని అడిగితే సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. అన్ని సమస్యలకూ పరిష్కారం వాటిలోనే ఉందని కొందరంటారు. అవి పాతకాలపు కథలు, ప్రజాస్వామ్యానికి వాటితో పని లేదని మరికొందరంటారు. రెండు సమాధానాలూ చరిత్ర విద్యార్థికి చాలవు. మొదటిది కథను అడగవలసిన ప్రశ్నలు అడగనివ్వదు. రెండోది, ఆ కథలు కోట్ల మందిని నిజంగానే కదిలించాయనే వాస్తవాన్ని పక్కన పెడుతుంది. ఇతిహాసం తెలుగువారికి రాజకీయాలు మాట్లాడుకునే ఉమ్మడి భాషగా పనిచేసిందన్నది ఈ భాగంలోని ప్రధాన వాదన. అధికారం ఆ భాషలో తనను సమర్థించుకుంది. ప్రజలు అదే భాషలో అధికారాన్ని నిలదీశారు.

6.2 ఇతిహాసం: చరిత్రకారుని దృష్టి

'ఇతిహాసం' అనే మాటకు 'ఇట్లు జరిగినది' అని అర్థం చెబుతారు. అయితే రామాయణ, మహాభారతాలు ఒక్కసారిగా పుట్టిన గ్రంథాలు కావు. అనేక శతాబ్దాలపాటు పెరుగుతూ, మారుతూ వచ్చి నేటి రూపం పొందాయని పండితులు భావిస్తారు.

ఇక్కడ మీరు రెండు ప్రశ్నలను విడదీసి చూడాలి. రాముడు ఏ కాలంవాడు అన్నది ఒక ప్రశ్న. 1921లో చీరాల ఉద్యమంలోని సేవకులు తమకు రామదండు అనే పేరు ఎందుకు పెట్టుకున్నారు అన్నది వేరొక ప్రశ్న. మొదటిదానిపై వాదాలు ఎన్నైనా సాగవచ్చు. రెండోదానికి తేదీలు, వ్యక్తులు, ప్రభుత్వ చర్యలు ఆధారాలుగా ఉన్నాయి. ఈ భాగంలో మనం పరిశీలించేది రెండో రకం ప్రశ్నలనే.

రాజకీయాల్లో ఇతిహాసం ప్రధానంగా మూడు పనులు చేసింది:

(అ) పాలకుడికి వంశ గౌరవాన్ని, హక్కును సమకూర్చడం.
(ఆ) చెదిరి ఉన్న ప్రజలను ఒక పేరు కింద కూడగట్టడం.
(ఇ) అధికారాన్ని ప్రశ్నించడానికి ఉదాహరణలు అందించడం.

ఇది మన దేశానికే పరిమితం కాదు. క్రీ.పూ. 1వ శతాబ్దంలో రోమన్ కవి వర్జిల్ తన 'ఈనియడ్' కావ్యంలో అగస్టస్ చక్రవర్తి వంశాన్ని ట్రాయ్ వీరుడు ఈనియస్‌తో ముడిపెట్టాడు. ఇది మొదటి రకం. ఫిన్లాండ్‌లో ఎలియాస్ లోన్‌రోట్ పల్లె గాయకుల పాటలను సేకరించి 1835లో 'కాలేవాలా'ను వెలువరించాడు. రష్యా ఏలుబడిలో ఉన్న ఫిన్నిష్ ప్రజలకు ఆ కావ్యం తాము ఒక జాతి అనే స్పృహనిచ్చింది. 1917లో ఆ దేశం స్వతంత్రమైంది. ఇది రెండో రకానికి ఉదాహరణ. మూడో రకాన్ని తెలుగు నేలపైనే చూద్దాం.

6.3 వంశనామం కోసం ఇతిహాసం: ఇక్ష్వాకులు

జగ్గయ్యపేటకు ఆ పేరు తరవాతి కాలంలో వచ్చింది. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గన్న పేరిట ఈ పట్టణాన్ని కట్టించాడు. అంతకుముందు ఇక్కడ ఉన్న గ్రామం పేరు బేతవోలు. ఆ ఊరి పక్క గుట్టపైన బౌద్ధ స్తూపం ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వకాలు జరిపించాడు. అప్పుడు వెలుగు చూసిన ఆయక స్తంభాల మీద ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో ఉన్న శాసనం మాఠరీపుత్ర వీరపురుషదత్తుడనే రాజు 20వ పాలనా సంవత్సరం నాటిది. ఆ రాజును శాసనం 'ఇక్ష్వాకు' వంశీయుడిగా పేర్కొంటుంది. కాలం క్రీ.శ. 3వ శతాబ్దం.

ఈ ఇక్ష్వాకుల రాజధాని కృష్ణకు ఎగువన ఉన్న విజయపురి, అంటే నాగార్జునకొండ. వాల్మీకి రామాయణంలో రాముడిది ఇక్ష్వాకు వంశం. కృష్ణాతీరపు రాజులు నిజంగా అయోధ్య నుంచి వచ్చినవారేనా? దీనిపై చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. ఇక్షువు అంటే చెరకు కాబట్టి ఇది ఒక స్థానిక తెగ గుర్తు కావచ్చునని కూడా కొందరు సూచించారు. మన పరిశీలనకు ముఖ్యమైన విషయం వేరే ఉంది. శాతవాహనులు బలహీనపడిన తరవాత కొత్తగా అధికారానికి వచ్చిన కుటుంబానికి పాత, ప్రసిద్ధమైన పేరు అవసరమైంది. వీరపురుషదత్తుని తండ్రి శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆ ఇంటి స్త్రీలు బౌద్ధారామాలకు విరివిగా దానాలిచ్చారు. బౌద్ధ సంప్రదాయం బుద్ధుని శాక్య వంశాన్ని కూడా ఇక్ష్వాకు శాఖగానే చెబుతుంది. వైదికులకూ బౌద్ధులకూ గౌరవమైన పేరు అది. రెండు వర్గాల ప్రజలున్న రాజ్యంలో ఆ పేరుకు ఎంత విలువ ఉండేదో మీరు ఊహించవచ్చు.

శాసనంలో మరో సంగతి కూడా గమనించండి. స్తంభాలను దానం చేసినవాడు రాజు కాదు, సిద్ధార్థుడనే శిల్పి. రాజు పేరు కాలాన్ని సూచించడానికి మాత్రమే వచ్చింది. ఇతిహాస నామం పైన ఉంది. రాతిని చెక్కి నిలబెట్టిన చేయి కింద ఉంది. ఈ విషయాన్ని గుర్తు పెట్టుకోండి. 6.7లో మళ్లీ దీని అవసరం ఉంటుంది.

6.4 తెలుగు భారతం, పల్నాటి కథ

వంశ గౌరవం కోసం ఇతిహాసాన్ని ఆశ్రయించడానికి రెండో పెద్ద ఉదాహరణ రాజమహేంద్రవరంలో కనిపిస్తుంది. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడు భారతాన్ని తెలుగు చేయమని నన్నయను కోరాడు. తన వంశం చంద్రుడి నుంచి కురు, పాండు రాజుల మీదుగా వచ్చిందని, పాండవుల చరిత్ర వినాలని తనకు ఆసక్తి అని రాజు చెప్పినట్లు అవతారికలో ఉంది. సింహాసనం కోసం సవతి సోదరుడు విజయాదిత్యునితో రాజరాజు పోరాడవలసి వచ్చిందని మీకు తెలుసు. దాయాదుల పోరు నడుస్తున్న ఇంట్లో దాయాదుల పోరు కథను పాండవుల పక్షాన చెప్పించడం కేవలం సాహిత్యాభిలాష కాదు. అయితే ఫలితం రాజు ఉద్దేశాన్ని దాటిపోయింది. తిక్కన, ఎఱ్ఱనలతో పూర్తయిన ఆ భారతం రాజవంశం అంతరించినా ప్రజల సొత్తుగా మిగిలింది.

ముక్త్యాల నుంచి నది దాటితే మరో రకమైన కావ్యం ఎదురవుతుంది. 12వ శతాబ్దంలో జరిగిన పల్నాటి యుద్ధం గాయకుల నోట వీరగాథగా మారింది. శ్రీనాథుని పేరిట ఉన్న ద్విపద కావ్యాన్ని 20వ శతాబ్దంలో అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి ప్రచురించారు. జూదానికి బదులు కోడిపందెం, ఓడినవారికి ప్రవాసం, విఫలమైన రాయబారం, దాయాదుల యుద్ధం – చట్రం అంతా భారతానిదే. లోపలి విషయం మాత్రం స్థానికం. బ్రహ్మనాయుడి చాపకూడులో కులభేదం లేకుండా అందరూ కలిసి తింటారు. మాల కన్నమదాసు సేనానాయకుడు. ఎదుటి పక్షాన రాజకీయం నడిపే నాగమ్మ ఒక స్త్రీ. కారంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల ఉత్సవం ఇప్పటికీ జరుగుతుంది. సంస్కృత ఇతిహాసపు చట్రంలో తమ సమస్యలను, తమ మనుషులను పెట్టుకుని చెప్పుకోవడం ప్రజలకు తెలుసునని ఈ గాథ నిరూపిస్తుంది. 20వ శతాబ్దంలో షేక్ నాజర్ బుర్రకథగా దీన్ని ఊరూరా వినిపించినప్పుడు శ్రోతలు అందులో తమ కాలాన్ని కూడా విన్నారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

1. జగ్గయ్యపేట శాసనంలో 'ఇక్ష్వాకు' అనే పేరుకు గల రాజకీయ ప్రాధాన్యం ఏమిటి?
2. పల్నాటి వీరగాథకూ మహాభారతానికీ గల పోలికలు, భేదాలు రాయండి.

6.5 ప్రజలను కూడగట్టిన పేరు: రామదండు

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య 1889 జూన్ 2న అప్పటి కృష్ణా జిల్లా నందిగామ ప్రాంతంలోని పెనుగంచిప్రోలులో జన్మించాడు. ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివాడు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని 'అభినయ దర్పణం'ను ఆంగ్లంలోకి అనువదించాడు. ఆ అనువాదం 1917లో వెలువడింది. పాశ్చాత్య విద్య, ప్రాచీన కళాశాస్త్రం, పల్లె కళారూపాలు – మూడింటితోనూ పరిచయం ఉన్న నాయకుడాయన. ప్రజలు 'ఆంధ్రరత్న' అని పిలుచుకున్నారు.

చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. దాంతో నేతపని మీద, చిన్న వ్యాపారాల మీద బతికే ప్రజలపై పన్నుల భారం ఎన్నో రెట్లు పెరిగింది. ప్రజలు వద్దన్నా ప్రభుత్వం వినలేదు. 1921లో గాంధీజీ చీరాల వచ్చినప్పుడు ఊరు విడిచి మునిసిపల్ హద్దుల అవతల నివసించడం కూడా ఒక మార్గమని సూచించాడు. గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనాభాలో అత్యధికులు ఇళ్లు వదిలి బయట పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరికి రామనగర్ అని పేరు పెట్టారు. ఎండకూ వానకూ తట్టుకుని నెలల తరబడి అక్కడే ఉన్నారు. ఈ ఉద్యమానికి వెన్నెముకగా నిలిచిన స్వచ్ఛంద సేవకుల దళమే రామదండు. విజయవాడలో 1921 మార్చి చివర జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశంలో కూడా ఈ దళం సేవలందించింది.

పేరులోని ఔచిత్యాన్ని పరిశీలించండి. రామాయణంలో రాముడి సైన్యం అయోధ్య నుంచి రాలేదు. కిరీటాలు, రథాలు లేని వానరులే ఆ సైన్యం. రాళ్లు మోసి వారధి కట్టింది వాళ్లే. ఆయుధం లేని నేత కార్మికులకు, కూలీలకు ఆ పేరు సరిగ్గా అమరింది. ఊరు విడిచి పాకల్లో ఉండటం వనవాసాన్ని గుర్తు చేసింది. బాధను ఓటమిగా కాక వ్రతంగా భావించే శక్తినిచ్చింది. ఆంగ్లంలో రాసిన వినతిపత్రం చేయలేని పనిని రెండు తెలుగు మాటలు చేశాయి.

అయితే ఆ శక్తికి హద్దులు కూడా ఉన్నాయి. 1921లోనే గోపాలకృష్ణయ్య అరెస్టయి ఏడాది జైలుశిక్ష అనుభవించాడు. నాయకుడు లేక, డబ్బు లేక ప్రజలు చివరకు తిరిగి ఇళ్లకు చేరారు. పేరు ప్రజలను కదిలించింది గాని, వాళ్ల కడుపు నింపే ఏర్పాటు వేరే ఉండవలసింది. మరో ప్రశ్న: రాముడి పేరిట నడిచే ఉద్యమంలో ఇతర మతాలవారి స్థానం ఏమిటి? ఈ సందేహం జాతీయ స్థాయిలోనూ తలెత్తింది. తాను చెప్పే రామరాజ్యం హిందూ రాజ్యం కాదని, న్యాయమైన పాలన అని గాంధీజీ 1929లో 'యంగ్ ఇండియా'లో వివరణ ఇవ్వవలసి వచ్చింది. వివరణ అవసరమైందంటేనే ఆ మాటను అందరూ ఒకే అర్థంలో వినలేదని తెలుస్తుంది.

6.6 ప్రశ్నించే పఠనం

రామరాజ్యం న్యాయమైనదైతే శంబూకుణ్ణి ఎందుకు చంపారు? ఉత్తరకాండలో తపస్సు చేసినందుకు ప్రాణం కోల్పోయిన శూద్రుడు శంబూకుడు. ఉత్తరకాండ తరవాత చేర్చిన భాగమని చాలామంది పండితులు భావిస్తారు. అయినా శతాబ్దాలుగా ప్రజలు విన్న కథలో అది ఉంది.

ఈ ప్రశ్నను తెలుగులో బలంగా లేవనెత్తినవాడు త్రిపురనేని రామస్వామి చౌదరి. 1887లో కృష్ణా జిల్లా అంగలూరులో పుట్టి, డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, తెనాలిలో స్థిరపడ్డాడు. 'శంబుక వధ' నాటకంలో ఆ కథను శూద్రుని పక్షం నుంచి చెప్పాడు. 'కురుక్షేత్ర సంగ్రామం'లో కౌరవుల హక్కును సమర్థించాడు. 'సూతపురాణం'లో పురాణాలను హేతువాద దృష్టితో విమర్శించాడు. మద్రాసు రాష్ట్రంలో బ్రాహ్మణేతర ఉద్యమం సాగుతున్న కాలం అది. చదువు, ఉద్యోగం, గౌరవం ఎవరివన్న తగవు నాటకశాలలో శంబూకుడి రూపంలో నిలబడింది. 1936లో డా. బి.ఆర్. అంబేద్కర్ 'కుల నిర్మూలన' ప్రసంగపాఠంలో ఇదే ఉదంతాన్ని తీసుకుని, చాతుర్వర్ణ్యం శిక్ష లేకుండా నిలవదనడానికి ఉదాహరణగా చూపాడు.

మరో తరంలో ఇదే వాదం వేరొక రూపం తీసుకుంది. విశ్వనాథ సత్యనారాయణ 'శ్రీమద్రామాయణ కల్పవృక్షం' రాశాడు. తెలుగుకు తొలి జ్ఞానపీఠ పురస్కారం 1970కిగాను ఆయనకే లభించింది. ఆ తరవాత కొద్ది కాలానికే రంగనాయకమ్మ మార్క్సిస్టు దృష్టితో 'రామాయణ విషవృక్షం' రాసింది. కల్పవృక్షం, విషవృక్షం – రెండు శీర్షికలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే కథ మీద ఇంత పెద్ద చర్చ ఒకే భాషలో, ఒకే కాలపు పాఠకుల మధ్య జరిగింది. రామాయణం అప్రస్తుతమైపోయి ఉంటే దాన్ని ఖండించడానికి ఎవరూ ఇంత శ్రమపడరు. ఖండించినవారికి పాఠకులు ఉండటం కూడా ఒక సంప్రదాయమే.

6.7 భగీరథుడు: నీటి రాజకీయాలు

ఇతిహాస పాత్రల్లో మెట్ట రైతుకు అతి దగ్గరవాడు భగీరథుడు. ఆయన కూడా ఇక్ష్వాకు వంశీయుడే. రామాయణం బాలకాండలో విశ్వామిత్రుడు రాముడికి ఈ కథ చెబుతాడు. సగరుని అరవైవేల మంది కుమారులు భూమిని తవ్వుతూ పోయి కపిలుని ఆగ్రహానికి బూడిదయ్యారు. వారికి సద్గతి కలగడానికి గంగ రావాలి. అంశుమంతుడు, దిలీపుడు ప్రయత్నించి సాధించలేకపోయారు. భగీరథుడు సాధించాడు.

తెలుగునాట ఈ పేరు మొదట గోదావరి డెల్టా ప్రజలు ఒక బ్రిటిష్ ఇంజనీరుకు ఇచ్చారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆర్థర్ కాటన్ 'అపర భగీరథుడు' అయ్యాడు. తరవాత విజయవాడ వద్ద కృష్ణా ఆనకట్ట వచ్చింది. ఆ నీరు దిగువ డెల్టాకే పారింది. ఎగువన గట్టు మీద ఉన్న ముక్త్యాల, జగ్గయ్యపేట, నందిగామ చేలకు అందలేదు.

నందికొండ వద్ద కృష్ణకు ఆనకట్ట కడితే ఎడమ గట్టున నల్గొండ, ఖమ్మం, కృష్ణా మెట్టకు, కుడి గట్టున పల్నాటికి నీరందుతుంది. ఈ ప్రాజెక్టు కోసం పట్టుబట్టి తిరిగినవారిలో ముఖ్యుడు ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్. అప్పటి మద్రాసు ప్రభుత్వం కృష్ణా నీటిని దక్షిణానికి తరలించే కృష్ణా–పెన్నారు పథకం వైపు మొగ్గు చూపుతుండగా ఆయన రైతులను కూడగట్టాడు. 1952లో నియమితమైన ఖోస్లా కమిటీ నందికొండ స్థలాన్ని పరిశీలించేలా చేయడంలో ఆయన పడిన శ్రమను ఈ ప్రాంతంవారు నేటికీ చెప్పుకుంటారు. 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలింది. జమీందారీలు 1948 చట్టంతో రద్దయిన కాలంలో ఒక జమీందారు తన పేరును నీటి ద్వారా నిలుపుకున్నాడు.

'అపర భగీరథుడు' అనే బిరుదు ఆయన కృషిని ఒక్క మాటలో చెబుతుంది. కాని అదే మాట కొన్నింటిని కప్పేస్తుంది కూడా. సాగర్ రాతి కట్టడం. యంత్రాలకన్నా మనుషుల చేతులమీదే ఎక్కువగా లేచింది. వేలాది మంది స్త్రీ పురుషులు రాళ్లు, సున్నం మోశారు. పనిలో కొందరు ప్రాణాలు కోల్పోయారు. ముంపు గ్రామాలవారు ఊళ్లు వదిలారు. ఇక్ష్వాకుల విజయపురి కూడా నీట మునిగింది; అంతకుముందు 1954 నుంచి జరిపిన తవ్వకాల్లో దొరికిన శిల్పాలను, కట్టడాలను కొండ మీదికి చేర్చారు. అసలు కథలో తవ్వి చనిపోయిన అరవైవేల మంది ఉన్నారు, విఫలులైన రెండు తరాలవారూ ఉన్నారు. రాజకీయ వేదిక మీద భగీరథుడొక్కడే మిగులుతాడు. ఈ సందర్భంలో రాజకీయ ప్రసంగంకన్నా రామాయణమే ఎక్కువ నిజం చెప్పింది.

ఈ పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. చెన్నైకి కృష్ణా నీటిని చేర్చే పథకానికి 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో 'తెలుగుగంగ' అని పేరు వచ్చింది. తెలంగాణ ప్రభుత్వపు ఇంటింటికీ తాగునీటి పథకం 'మిషన్ భగీరథ' 2016 ఆగస్టులో ప్రారంభమైంది. పేరు ఎంత గొప్పదైనా దాన్ని కొలవవలసింది కుళాయి దగ్గర, కాలువ చివర. సాగర్ ఎడమ కాలువకు చివరన ఉన్న నందిగామ, తిరువూరు ప్రాంతాల రైతులకు ఈ సంగతి అనుభవమే. 2014 తరవాత ఆ కాలువ ఒక రాష్ట్రం దాటి మరో రాష్ట్రానికి రావలసి ఉంది. చివరి చేనుకు తడి అందిందా అన్నదే ఏ భగీరథుడికైనా పరీక్ష.

6.8 వెండితెర నుంచి ఎన్నికల వేదికకు

20వ శతాబ్దం ఆరంభంలో తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఊరూరా ఆడారు. చదువురాని రైతు కూడా రాయబార ఘట్టంలోని పద్యాలు పాడేవాడు. సంధి, యుద్ధం, వాటా, మాట తప్పడం వంటి రాజకీయ భావనలు పద్యనాటకం ద్వారా జనానికి అలవడ్డాయి. ఈ పునాది మీదనే పౌరాణిక చలనచిత్రం నిలిచింది.

నందమూరి తారక రామారావు 'మాయాబజార్' (1957)లో కృష్ణుడిగా, 'లవకుశ' (1963)లో రాముడిగా నటించాడు. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యాడు. తెరమీది దేవుణ్ణి చూసి జనం ఓట్లేశారని చాలామంది తేలికగా తేల్చేస్తారు. ఈ వివరణ ఎంతవరకు నిలుస్తుందో పరీక్షిద్దాం. 1978–83 మధ్య కాంగ్రెస్ అధిష్ఠానం నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది. దానివల్ల 'ఆత్మగౌరవం' నినాదానికి బలం వచ్చింది. రెండు రూపాయలకు కిలో బియ్యం హామీ పేదల ఇంటికి చేరింది. అదే రూపం, అదే గొంతు ఉన్నా 1989లో పార్టీ ఓడింది. కల్వకుర్తిలో ఆయన స్వయంగా ఓడిపోయాడు. 1994లో మళ్లీ గెలిచాడు. రాముడి రూపమే గెలిపించి ఉంటే 1989 ఓటమికి వివరణ దొరకదు. ఇతిహాస రూపం నాయకుడికి తలుపు తెరిచింది. లోపల ఎంతకాలం ఉండాలో పాలన నిర్ణయించింది.

మరో విశేషం ఉంది. రామారావు రావణుడిగా, దుర్యోధనుడిగా కూడా నటించాడు. 1977లో ఆయనే తీసిన 'దానవీరశూరకర్ణ'లో కులం పేరిట కర్ణుణ్ణి అవమానించడాన్ని దుర్యోధనుడు నిలదీస్తాడు. కౌరవ పక్షం నుంచి కథ చూడటం త్రిపురనేని నాటికే తెలుగువారికి పరిచయమని 6.6లో చూశాం. పుస్తకంలో కొందరే చదివిన ప్రశ్న తెరమీద లక్షలమందికి చేరింది.

మతం ఆధారంగా ఓటు అడగడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం అవినీతి పద్ధతి. ఇతిహాసం మన ఉమ్మడి సాహిత్యం కూడా, కోట్ల మందికి మతగ్రంథం కూడా. భగీరథుడి పోలిక సాహిత్యంగా వినిపిస్తుంది. ఒక మతంవారిని వేరు చేసి, భయపెట్టి ఓటు అడగడానికి రాముడి పేరు వాడితే అది వేరే పని. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో న్యాయస్థానాలతోపాటు ఓటరు కూడా గుర్తించగలగాలి.

6.9 పరిశీలనకు నాలుగు ప్రశ్నలు

ప్రసంగంలోగాని, పథకం పేరులోగాని, పోస్టరు మీదగాని ఇతిహాస ప్రస్తావన ఎదురైనప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి:

1. ఎవరు వాడుతున్నారు? అధికారంలో ఉన్నవారా, దాన్ని ఎదిరిస్తున్నవారా?
2. ఏ ఘట్టాన్ని ఎన్నుకున్నారు? పట్టాభిషేకమా, వనవాసమా, శంబూక వధా?
3. ఎవరిని వదిలేశారు? అరవైవేల మంది తవ్వినవారు కథలో కనిపిస్తున్నారా?
4. పేరుకు తగ్గ పని జరిగిందా? ఎక్కడ కొలిచి చూడవచ్చు?

'కురుక్షేత్రం' అనే మాటనే తీసుకోండి. ప్రతి ఎన్నికనూ పత్రికలు కురుక్షేత్రం అంటాయి. కురుక్షేత్రంలో ఓడినవారు బతకలేదు. ప్రజాస్వామ్యంలో ఓడినవారు ప్రతిపక్షంలో కూర్చుని ఐదేళ్లకు మళ్లీ వస్తారు. కాబట్టి ఎన్నికకు సరైన పోలిక యుద్ధపర్వాల్లో లేదు. అందరూ మాట్లాడి, వాటా అడిగి, వినిపించుకోవాలని ప్రయత్నించిన ఉద్యోగపర్వంలో ఉంది.

6.10 సారాంశం

క్రీ.శ. 3వ శతాబ్దపు జగ్గయ్యపేట శాసనం నుంచి నేటి తాగునీటి పథకం వరకు ఇతిహాస నామాలు రాజకీయాల్లో కొనసాగుతున్నాయి. ఇక్ష్వాకులు, రాజరాజనరేంద్రుడు వాటిని వంశ గౌరవానికి వాడారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ప్రజలను కూడగట్టడానికి వాడాడు. త్రిపురనేని, అంబేద్కర్, రంగనాయకమ్మ ప్రశ్నించడానికి వాడారు. ముక్త్యాల రాజా కృషికి ప్రజలు భగీరథుడి పేరు పెట్టారు. ఆ పేరులో కూలీలు, నిర్వాసితులు మరుగున పడ్డారు. ఎన్.టి. రామారావు ఉదాహరణ పురాణ రూపానికి ఉన్న బలాన్ని, పరిమితిని చూపుతుంది. ఇతిహాసం ఏ ఒక్క పక్షానికీ శాశ్వత సాక్షి కాదు. దాన్ని ఎవరైనా పిలవవచ్చు. పిలిచినవారిని ఎదురు ప్రశ్న వేయడం పౌరుల పని.

6.11 ముఖ్య పదాలు

ఆయక స్తంభాలు: ఆంధ్రదేశపు స్తూపాలకు నాలుగు దిక్కులా ముందుకు వచ్చిన వేదికలపై నిలిపే ఐదేసి స్తంభాలు.
అవతారిక: కావ్యారంభంలో కవి, పోషకుడు, రచనా కారణాలను తెలిపే భాగం.
చాపకూడు: కులభేదం లేకుండా ఒకే చాపమీద కూర్చుని చేసే సహపంక్తి భోజనం.
మెట్ట: కాలువ నీరు సహజంగా ఎక్కని ఎత్తైన భూమి.

6.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఇతిహాసం రాజకీయాల్లో చేసిన మూడు పనులను ముక్త్యాల ప్రాంతపు ఉదాహరణలతో చర్చించండి.
2. '1983 ఎన్నికల ఫలితానికి పౌరాణిక చిత్రాలే కారణం' – ఈ వాదాన్ని పరిశీలించండి.

II. ఈ ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రామదండు అనే పేరు చీరాల–పేరాల ఉద్యమానికి ఎలా తోడ్పడింది?
2. 'అపర భగీరథుడు' అనే బిరుదు ఏమి చెబుతుంది? ఏమి దాస్తుంది?
3. శంబూకుని కథను త్రిపురనేని, అంబేద్కర్ ఏ సందర్భంలో ఉపయోగించారు?

III. అభ్యాసం
మీ ఊరిలో ఇతిహాస నామం ఉన్న చెరువు, కాలువ, కాలనీ, సంఘం లేదా పథకం ఒకదాన్ని ఎన్నుకోండి. ఆ పేరు ఎప్పుడు, ఎవరు పెట్టారో ఊరి పెద్దలను అడిగి తెలుసుకోండి. 6.9లోని నాలుగు ప్రశ్నలను దానికి అన్వయించి రెండు పుటల నివేదిక రాసి, మీ అధ్యయన కేంద్రంలో కౌన్సిలర్‌తో చర్చించండి.